గప్‌చుప్ పెట్టె

మధ్యాహ్నం ఆట మొదలుకావడానికి ఇంకా పావుగంట ఉందనగా అక్క మూడోసారి వీధి దాటి మందుల షాపుకి వెళ్ళింది.

"రింగయితే మీరే ఎత్తండి. ఇక్కడే ఉన్నారు, పిలుస్తున్నానని చెప్పండి. పెట్టేయకండి. మా హాలు వెనక తలుపు దగ్గర తమ్ముడు కూర్చుని ఉంటాడు, వాడి భుజం తట్టండి. కేకేస్తే వినపడదు వాడికి."

"నాకు కంఠతా వచ్చేసిందమ్మా. ఇంకోసారి చెప్పారంటే మీ నాటకంలో వేషం వేసేస్తాను" అన్నాడు షాపాయన, ఆమె ఫోనుని గల్లాపెట్టె పక్కన జాగ్రత్తగా పెట్టుకుంటూ.

అక్కకి నవ్వు రాలేదు. వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి, ఫోను చార్జింగ్ ఎంతుందో చూశానా లేదా అని ఆగింది. చూసింది, రెండుసార్లు చూసింది. అయినా కాళ్ళు ముందుకు సాగడానికి ఒప్పుకోలేదు.

ఆమె ఆ నాటకాల హాలులో పదమూడేళ్ళుగా ప్రాంప్టరు. టిక్కెట్లు చింపే మనిషి మొదలు, ఆమె కన్నా ఇరవై ఏళ్ళు పెద్దయిన ముఖ్య నటుడి దాకా అందరికీ ఆమె అక్కే. పక్క తెర చాటున ముక్కాలిపీట మీద, ఒళ్ళో నాటకం కాగితాలతో కూర్చుంటుంది. వేదిక మీదున్న వాళ్ళకి మాట తప్పితే, ఆ మాట గుసగుసగా అందిస్తుంది. నటుడి చెవిని చేరాలి, మొదటి వరసని చేరకూడదు. అంతే ఆమె పని. చూడ్డానికి తేలికే.

ఆ పెద్ద నటుణ్ణి అందరూ తాతగారంటారు. గొంతు ఇప్పటికీ గంటలా ఉంది కానీ, రెండేళ్ళుగా మాటలు జారిపోతున్నాయి. అక్క పీట మీద ఉంటే చాలు, ఆయన జారినట్టు ఎవరికీ తెలియదు. ఆరు నెలల కిందట మాత్రం తెలిసిపోయింది. చావు దృశ్యంలో కూతురి చెయ్యి పట్టుకుని ఆయన మాట కోసం వెతుక్కుంటున్నాడు. అక్క అందిస్తోంది. సరిగ్గా అప్పుడే మూడో వరసలో ఒకాయన ఫోను పాట అందుకుంది. ఆయన తీరిగ్గా ఎత్తి, "ఆఁ, నాటకంలో ఉన్నా, చెప్పు" అన్నాడు. హాలంతా గొల్లుమంది. అక్క గుసగుస ఆ నవ్వులో కొట్టుకుపోయింది. తాతగారు చావాల్సిన మంచం మీద నోరు తెరుచుకుని అలాగే కూర్చుండిపోయాడు.

ఆ వారమే అక్క మేనేజరుకి ఉత్తరం రాసింది. అందరి చేతా సంతకాలు పెట్టించింది. మేనేజరు ఎక్కణ్ణుంచో చెప్పుల డబ్బా అంత పెట్టె ఒకటి తెచ్చి తన గదిలో బీరువా మీద పెట్టాడు. దానికి నాలుగు కొమ్ములు. మీట నొక్కితే చాలు, ఏ ఫోనూ పలకదు. మేకప్ మామ దానికి గప్‌చుప్ అని పేరు పెట్టాడు. ఆ రోజు నుంచీ హాల్లో చీర కుచ్చిళ్ళు సర్దుకున్న చప్పుడు కూడా వినపడేది. అక్క ఆ పెట్టెని కన్నబిడ్డలా చూసుకుంది.

ఇవాళ పొద్దున పది గంటలకి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడి రెండు కిడ్నీలూ పాడై ఏడాదిన్నర అవుతోంది. మార్పిడి జాబితాలో పేరుంది. "ఒకటి దొరికింది. మీ వాడు వరసలో రెండో పేరు. మొదటి వాళ్ళకి సరిపడదని తేలితే మధ్యాహ్నం మీకు ఫోన్ చేస్తాం. రెండుసార్లు చేస్తాం. ఆఖరి ఫోన్ తర్వాత అరగంట చూస్తాం. ఆ పైన మూడో పేరుకి వెళ్ళిపోతాం" అంది నర్సు.

తమ్ముడు పుట్టు చెవిటి, చదువు అబ్బలేదు. హాల్లోనే రంగస్థలం వడ్రంగి. అందుకని వాడి తరఫున ఆసుపత్రిలో రాసి ఉన్నది అక్క నంబరే. హాల్లో పాత తీగ ఫోను ఉండేది, ఎవరికీ అక్కర్లేదని దాన్ని ఎప్పుడో పీకేశారు. ఇవాళ ఆటకి వెళ్ళొద్దనే అనుకుంది. కానీ తాతగారు పొద్దున్నే కబురు పెట్టాడు, రెండో అంకంలో కోర్టు దృశ్యం ఉంది, నువ్వు లేకపోతే నేను లేను అని. మందుల షాపు ఎదురుగానే ఉంది కదా, గప్‌చుప్ మన నాలుగు గోడలకే కదా అనుకుంది.

మొదటి అంకంలో రెండుసార్లు తప్పు పేజీ తిప్పింది. తాతగారు ఒకసారి ఇటు చూశాడు కూడా. పీట మీద ముళ్ళున్నట్టు కదులుతూనే ఉంది. వెనక తలుపు దగ్గర తమ్ముడు చెక్కముక్క మీద ఉలి ఆడిస్తూ, నింపాదిగా, ఏమిటీ కంగారు అని చేత్తో అడిగాడు. ఏం లేదని చెయ్యి ఊపింది.

మూడుంబావుకి విరామం. గంట ఇంకా మోగుతుండగానే వీధిలో ఉంది.

"రాలేదమ్మా" అన్నాడు షాపాయన. "వస్తే మాత్రం ఎలా వస్తుందిలెండి? సిగ్నల్ ఉండి చస్తేగా! శని, ఆదివారాలు రెండు కొట్టిందంటే మా వీధిలో ఫోన్లన్నీ చచ్చి ఊరుకుంటాయి. ఆరు నెలలుగా ఇదే వరస. కంపెనీ వాడు వచ్చి స్తంభం ఎక్కి చూసి, అంతా బాగానే ఉందంటాడు. పోయిన నెల ఇక్కడే ఒకామె కుప్పకూలితే అంబులెన్సుకి ఫోన్ కలవలేదు. నలుగురం చేతుల మీద మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్ళాం. అదృష్టం, బతికింది."

అక్క ఫోను అందుకుంది. అద్దం మీద ఒక్క గీత కూడా లేదు. గోడలు దాటదనుకున్న పెట్టె వీధంతా పరుచుకుని కూర్చుంది. ఆరు నెలలుగా!

"ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"మీకు తెలుసనుకున్నా, రెండు లోపల వచ్చే ఫోనేమో అనుకున్నా. ఈ వీధిలో ఈ సంగతి తెలియంది ఎవరికి?"

మేనేజరు గదిలోకి దూసుకెళ్ళింది. "పెట్టె ఆపెయ్యండి. బయట వీధికి కూడా సిగ్నల్ పోతోంది. నా ఫోన్ రావాలి."

"ఇప్పుడా? లోపల మూడొందల మంది ఉన్నారక్కా. ఆపితే మూడొందల ఫోన్లూ ఒక్కసారి లేచి కూర్చుంటాయి, తాతగారి కోర్టు సీనులో. ఉత్తరం రాసింది ఎవరు? నువ్వే. వీధి సంగతి రేపు చూద్దాం."

"రేపటికి తమ్ముడి కిడ్నీ వేరే వాళ్ళకి పెట్టేస్తారు, మేనేజరుగారూ."

"పోనీ నువ్వే మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి చూసుకో. ఆపితే ఆట పోతుంది, నువ్వు వెళితే ప్రాంప్టింగ్ పోతుంది. రెండిట్లో ఏది పోవాలో నువ్వే చెప్పు."

తాతగారు నల్లకోటు తొడుక్కుంటున్నాడు. అక్క చెప్పిందంతా విన్నాడు. బొత్తం పెట్టుకుంటున్న వేళ్ళు ఆగిపోయాయి.

"కోర్టు అయ్యాక వెళ్ళమ్మా. ఎంత, ఇరవై నిమిషాలు."

"ఆ ఇరవై నిమిషాలే నా దగ్గర లేవు తాతగారూ."

"నన్నక్కడ నడిమధ్యలో నిలబెట్టి పోతావా? ఆ రోజు నవ్వింది చాలదా?" ఆయన గొంతు గంటలా లేదు. చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

ఆమె కాగితాలు మేకప్ మామ చేతిలో కుక్కింది. "నేనా? నా గుసగుస వీధి చివరికి వినపడుతుందే తల్లీ!" అని మామ మొత్తుకుంటూనే ఉన్నాడు.

మెయిన్ రోడ్డు చేరేసరికి ఊపిరి అందలేదు. మలుపు తిరగ్గానే ఫోను గిలగిల్లాడింది. రెండు తప్పిన కాల్స్. ఆఖరిది మూడూ పన్నెండుకి. ఇప్పుడు మూడూ ముప్ఫై నాలుగు. చేసింది. బిజీ. మళ్ళీ చేసింది. బిజీ. రోడ్డు మీద ఎవరో పక్కకి జరగమన్నారు, జరగలేదు. ఆరోసారి నర్సు ఎత్తింది.

"ఎక్కడున్నారండీ? మూడో పేరు వాళ్ళ నంబరు నా ముందు ఉంది. ఇంకో మూడు నిమిషాల్లో చేసేదాన్ని. వస్తారా?"

"వస్తాం. వస్తున్నాం. చెయ్యకండి వాళ్ళకి."

"ఐదు లోపల పేషెంటు ఇక్కడ ఉండాలి."

పేషెంటు ఏ ఫోనూ చేరని చోట ఉన్నాడు. మళ్ళీ పరుగు.

హాలు వెనక తలుపు తీసేసరికి మేకప్ మామ గొంతు వినిపించింది: "న్యాయమూర్తిగారూ, ఈ చేతులు..." ఒకసారి, రెండోసారి, ఇంకా గట్టిగా. జనంలో కిసుక్కున ఒక నవ్వు, దాని వెనక ఇంకోటి. తాతగారు బోనులో నిలబడి ఉన్నాడు. మామ ఒక పేజీ ముందున్నాడు. ఆ మాట ఆయనకి పనికిరాదు. ఆయన కళ్ళు ఖాళీ పీట మీదే ఉన్నాయి.

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. దొరికింది, పద, అని చేత్తో చెప్పింది. వాడు లేచాడు. వేదిక వైపు చూపించి, ఆయన సంగతి, అని అడిగాడు. ఆమె తల తిప్పుకుంది. పీట దాకా పది అడుగులు. కాగితం దొరకాలి, మాట దొరకాలి, ఆ తర్వాతి మాట కూడా కావాలి, దాని తర్వాతదీ. వెళ్ళలేదు. తలుపు వేసేసింది.

టాక్సీకి ఫోన్ చెయ్యబోతే వీధిలో మళ్ళీ గీతలు లేవు. తమ్ముడికి పది గజాలకే ఆయాసం వచ్చింది. మందుల షాపు మెట్టు మీద కూర్చోబెట్టింది.

"దొరికిందా?" షాపాయన బయటికి వచ్చాడు.

"దొరికింది. ఐదు లోపల చేరాలి. అయ్యా, మీకో మాట చెప్పాలి. మీ వీధి సిగ్నల్ చంపుతున్నది టవరు కాదు, మా హాలు. ఆ పెట్టె నేనే పెట్టించాను. ఇవాళ్టిదాకా నాకు తెలియదు."

ఆయన ఆమెని చూశాడు. హాలు వైపు చూశాడు. ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, మెట్టు మీద వగరుస్తున్న తమ్ముణ్ణి చూసి మింగేశాడు. షట్టరు సగానికి లాగి, గోడకి ఆనించిన స్కూటరు బయటికి తీశాడు.

"ఎక్కండి. మీ వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టండి, పడిపోకుండా. తిట్టేది వచ్చాక తిడతాను."

ముగ్గురి బరువుకి స్కూటరు మూలిగింది. తమ్ముడి చుట్టూ రెండు చేతులూ వేసి, ఆమె వాడి వీపుకి చెంప ఆనించింది. మెయిన్ రోడ్డు మలుపు తిరిగారు. షాపాయన చొక్కా జేబులో ఫోను టింగ్‌మంది. మళ్ళీ టింగ్‌మంది. రెండు గంటల నుంచీ ఎవరెవరో ఆయనకి చేసి కలవక వదిలేసిన కాల్సన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతూనే ఉన్నాయి. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్న మనిషి ఒక్కదాన్నీ చూడలేదు. తమ్ముడికి వినపడవు. అక్క ఒక్కతే విన్నది, ప్రతి ఒక్కటీ, ఆసుపత్రి గేటు దాకా.