రెండు ఒత్తులు

ఆసిడ్ పోసిన తరువాత పది నిమిషాలు ఆగాలి. పిచ్చమ్మ ఆ పది నిమిషాలూ ముక్కుకు కొంగు కట్టుకుని, చీపురు గోడకు ఆనించి, మరుగుదొడ్డి గడప దగ్గర నిలబడుతుంది. గడియారం చూడదు. పసుపు మరక అంచుల్లో నురగ లేచి, ఆ నురగ చప్పబడితే పది నిమిషాలు అయినట్టు. అప్పుడు చీపురు అందుకుంటుంది.

సూర్యాపేటలో ఆ రెండంతస్తుల ఆఫీసుకు ఆమె పదిహేడేళ్లుగా ఉదయం ఏడింటికే వస్తోంది. సన్నటి మనిషి. బక్కెట్లు మోసి మోసి కుడి భుజం కాస్త కిందికి దిగింది. వేళ్ల మీద గీతలు ఆసిడ్‌కు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషను ఆమె వేలిని నాలుగోసారికి గాని ఒప్పుకోదు. మురికి అంటే ఆమెకు రోత లేదు. నీళ్లు పోస్తే మురికి పోతుంది. పోయకుండా పోయే మనుషులంటేనే రోత. పది గంటల టీ తరువాత ఎవరు వెళతారో, మూలన ఉన్న గుట్కా ఉమ్మి ఎవరి నోటిదో, ఎవరు మగ్గు ముట్టకుండా తలుపు దగ్గరికేసి వస్తారో ఆమెకు తెలుసు. ఆ మనుషులే వరండాలో ఆమె ఎదురైతే గోడ వైపు జరుగుతారు, ఆ వాసన ఆమెదే అయినట్టు.

మగవాళ్ల మరుగుదొడ్డి తలుపుకు ఒక అట్టముక్క వేలాడుతోంది. పాత చీరల డబ్బా మూత అది. దాని మీద నల్ల రంగుతో రెండు మాటలు: నీళ్లు పొయ్యండి. ఆరేళ్ల కిందట ఆమె స్వయంగా రాసి, రెండు మూలలా చిల్లులు పెట్టి, సుతిలి తాడు కట్టింది. నోటుపుస్తకం దాటి ఆమె రాసిన మొదటి మాటలు అవే. ఎమ్మేలు చదివినవాళ్లు రోజూ దాన్ని దాటుకుని లోపలికి వెళతారు. ఎవరూ పోయరు.

ఆమె అక్షరాలు నేర్చుకున్నదే ఈ తలుపుల వల్ల. ఎనిమిదేళ్ల కిందట ఆఫీసుకు సున్నం వేసి, తలుపుల మీద ఉన్న ఆడ మగ బొమ్మలు చెరిపేసి, రెండు వైపులూ తారుమారు చేసి, అక్షరాల పలకలు పెట్టారు. ఆ ఉదయం ఆమె ఆడవాళ్లదే అనుకుని బక్కెట్టుతో నేరుగా మగవాళ్ల దాంట్లోకి వెళ్లింది. లోపల అప్పటి పెద్దసారు ఉన్నాడు. ఆయన అరుపు కింది అంతస్తు దాకా వినపడింది. మధ్యాహ్నం ఆమె కమ్యూనిటీ హాలులో ఆడవాళ్లకు చదువు చెప్పే శ్రీలత టీచర్ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"ముందుగాల ఏం నేర్చుకుంటవమ్మా? నీ పేరా?" అని అడిగింది టీచర్.

"స్త్రీలు," అంది పిచ్చమ్మ.

టీచర్ నవ్వింది. అది పుస్తకం చివర వచ్చే మాట. స కింద త ఒత్తు, దానికి ర ఒత్తు, పైన గుడి దీర్ఘం. అ ఆలు రాకముందే పిచ్చమ్మ దాన్ని నేర్చుకుంది. తన పేరు తరువాత నేర్చుకుంది. అందులోనూ రెండు ఒత్తులే. చ కింద చ, మ కింద మ. ఆ రెంటినీ అక్షరం కింద సరిగ్గా కూర్చోబెట్టడానికి నెల పట్టింది. పక్కకు జారేవి. చెరిపి మళ్లీ రాసేది.

నురగ చప్పబడింది. ఆమె వంగి రుద్దుతుండగా వెనక చెప్పుల చప్పుడు అయింది. గుమాస్తా సంపత్. జేబు రుమాలు ముక్కుకు పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"పిచ్చమ్మా, రెజ్యూమ్ ఇచ్చినవా? ఇయ్యాలే ఆఖరు."

వారం కిందట చెప్పాడు ఆ మాట. మనుషుల్ని పనిలో పెట్టే కొత్త ఏజెన్సీ వచ్చిందని, పనివాళ్లందరూ కాగితం ఇవ్వాలని. కడిగే పనికి కాగితమేమిటని ఆమె నమ్మలేదు.

"గదేంది సార్ మల్ల?"

"నీ గురించి నువ్వు రాసుకునుడు. ఏం సదివినవ్, ఎన్నేండ్ల సంది జేస్తున్నవ్, అట్ల."

"నా గురించి మీకెరుకే గద సార్."

"నాకెరుకే. ఏజెన్సీకి ఎరుక గావద్దా? కోదాడల ఆఫీసున్నది. మూడింటి లోపల ఫోన్‌ల పంపాలె, కాయితం గూడ చేతికియ్యాలె. లేకపోతే రేపటి సంది నీ పేరుండది."

ఆయన ఆమెను పక్కకు జరగమన్నట్టు చెయ్యి ఊపి, ఇప్పుడే కడిగిన దాంట్లోకి వెళ్లాడు. పిచ్చమ్మ వరండాలో నిలబడింది. తలుపు తెరుచుకుంది, సంపత్ వచ్చాడు, వెళ్లిపోయాడు. నీళ్ల చప్పుడు కాలేదు. ఆమె లోపలికి వెళ్లి ఒక బక్కెట్టు గుమ్మరించి, చేతులు కడుక్కుని బయలుదేరింది. ఈ పని పోతే ఆమెకు ఇంకోటి లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసిన భర్త పోయినప్పటి నుంచి కిరాయి గది, గ్యాసు, మందులు, అన్నీ ఈ చీపురు మీదే.

కొత్త బస్టాండు పక్కన స్రవంతి జిరాక్స్ దుకాణం. పెన్‌పహాడ్ దగ్గరి తండా నుంచి వచ్చిన పిల్ల, బీకాం చదివింది. మిషను వేడికి ముఖమంతా చెమట.

"కూసో పెద్దమ్మా. ఐదు నిమిషాల్ల అయిపోతది. రెడీమేడ్ ఉన్నది."

తెర మీద ఒక కాగితం వచ్చింది. పైన నీలం పట్టీ, ఫోటోకు గుండ్రటి గుంట. స్రవంతి గబగబా నింపుతూ అడిగింది.

"పెండ్లి అయిందా అని ఉన్నది. ఏం పెట్టాలె?"

"అయింది."

"మరి పెద్దనాయిన లేడు గద ఇప్పుడు?"

"ఆయన లేకుంటే అయిన పెండ్లి కాకుంట పోతదా? అయిందనే పెట్టు."

"హాబీలు?"

"అంటే?"

"ఖాళీగున్నప్పుడు ఏం జేస్తవ్?"

"ఖాళీగ ఎప్పుడున్న బిడ్డా."

స్రవంతి నవ్వి, తానే ఏదో కొట్టింది. పుస్తకాలు చదువుట, సంగీతం వినుట. పైన ఇంకో రెండు వరుసలు అప్పటికే ఉన్నాయి. పిచ్చమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను వినియోగించి సంస్థ అభివృద్ధికి తోడ్పడుట నా లక్ష్యం.

"ఈ మాట నేనెప్పుడన్న?"

"అందరి దాంట్ల ఇదే ఉంటది పెద్దమ్మా. డ్రైవర్‌దైనా ఇదే, ఇంజనీర్‌దైనా ఇదే."

పిచ్చమ్మ తెర మీది నుంచి వేలు తీసేసింది. పదిహేడేళ్లలో ఏ గుంట దగ్గరా అంత రోత పుట్టలేదు. ఎవరో నమిలి ఉమ్మిన ముద్ద తెచ్చి తన పేరు కింద పెట్టినట్టుంది.

"తియ్యి. అది తియ్యి."

"తీస్తే ఖాళీగుంటది."

"ఉండనియ్యి. లేకుంటే నేను జెప్పింది రాయి. పదిహేడేండ్ల సంది మరుగుదొడ్లు కడుగుతున్న. ఒక్కదినం గూడ వాసన రానియ్యలే. గంతే."

స్రవంతి ఆమె వంక ఒకసారి చూసి, ఆ రెండు ముక్కలే కొట్టింది. హాబీలు కూడా తీసేసింది.

"పేరన్నా జర స్టయిల్‌గ పెడత," అంటూ అక్షరాల మోడలు మార్చింది. తలకట్లు గాలికి లేచిన వెంట్రుకల్లా పైకి లేచాయి, ఒత్తులు మెలికలు తిరిగాయి. పిచ్చమ్మ వేలు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

"ఇది నా పేరేనా?"

"నీదే."

"నాకే సదవొస్తలేదు."

స్రవంతి ఇంకోటి మార్చింది. ఈసారి లావుపాటి అక్షరాలు, వెనక నీడ.

"ఇది ఫ్లెక్సీ మీద రాతరు. పుట్టినరోజుకు," అంది పిచ్చమ్మ. "నేనేమన్న వార్డు మెంబర్‌గ గెలిచిన్నా?"

ఐదోసారికి సాదా అక్షరం వచ్చింది. గుండ్రంగా, కుదురుగా, ఒత్తులు కింద ఉండాల్సిన చోటే. శ్రీలత టీచర్ పుస్తకంలోలాగే ఉంది. పిచ్చమ్మ తల ఊపింది. స్రవంతి దాన్ని కంప్యూటర్ నుంచి తన ఫోన్‌కు పంపుకుని, తెరిచి చూపించింది.

"అయిపోయింది. చూడు. ఇగ ఏజెన్సీకి కొడుత."

పిచ్చమ్మ ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. పిచ్‌చమ్‌మ. ఒత్తులు కింద లేవు. చ పొల్లు ఒక చోట, చ ఒక చోట, మ పొల్లు ఇంకో చోట. కాళ్లు విరిచి పక్కన పెట్టినట్టు.

"నా ఒత్తులేవి?"

"అర్థమైతది గద పెద్దమ్మా. ఆ అక్షరాల సెట్టు ఫోన్‌ల లేదు, అందుకే అట్లొచ్చింది."

"నీకర్థమైతది. నేను నెల రోజులు పెట్టి వాటిని కిందికి తెచ్చిన. పంపకు."

స్రవంతి విసుగ్గా కుర్చీ ముందుకు లాక్కుని, మళ్లీ ఏదో నొక్కింది. ఫోన్ మోగింది. ఈసారి పేరు సాఫుగా ఉంది.

"ఇంతకు ముందుది వర్డ్. అది ఏ ఫోన్ల తెరిస్తే ఆ ఫోన్ దగ్గరున్న అక్షరాలు తొడుక్కుంటది. ఇది పీడీఎఫ్. ఇగ యాడ తెరిచినా గిట్లనే ఉంటది. ఎవ్వలు కదిలియ్యలేరు."

"మరి ముందుగాలనే ఇట్ల చెయ్యకపోతివి?"

"ఎవలడుగుతరు పెద్దమ్మా? ఇయ్యాల్టి దాంక నువ్వొక్కదానివే అడిగినవ్."

స్రవంతి దాన్ని ఏజెన్సీకి పంపి, కాగితం మీద కూడా తీసి ఇచ్చింది. కోదాడ బస్సులో పిచ్చమ్మ ఆ కాగితాన్ని మడవకుండా చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఒడిలో పట్టుకుంది. మునగాల దగ్గర బస్సు ఆగినప్పుడు విప్పి చూసుకుంది. రెండు ఒత్తులూ ఉన్నాయి.

ఏజెన్సీ ఆఫీసు ఒక బట్టల దుకాణం పైన. చల్లటి గది, అద్దం తలుపు. బల్ల వెనక డేవిడ్ అనే అతను, శుభ్రమైన గోళ్లు, మెత్తటి మాట. టైము రెండున్నర.

"ఇంత దూరం ఎందుకొచ్చారమ్మా, ఫోన్లో వచ్చింది కదా," అంటూ కాగితం అందుకున్నాడు. అతని చూపు పేరు మీద ఆగలేదు. పదిహేడేళ్ల మీదా ఆగలేదు. కింద పుట్టిన తేదీ దగ్గర ఆగింది.

"యాభై ఏడా? మీ సంపత్ గారు చెప్పలేదాండీ? కొత్త కాంట్రాక్టులో యాభై దాటినవాళ్లని తీసుకోవట్లేదు."

"చెప్పలే."

"నెల కిందటే చెప్పామండి ఆయనకి."

పిచ్చమ్మ బల్ల మీది కాగితం వైపు వేలు చూపింది.

"మరి ఈ కాయితం ఎందుకడిగిండ్రు సార్?"

"ఫార్మాలిటీ అండి. అందరివీ అడిగినట్టు ఫైల్లో ఉండాలి కదా."

"ఫైల్ల అది ఉంటది. నేనుండ."

అతను నవ్వబోయి మానుకున్నాడు. పిచ్చమ్మ బల్ల మీది కాగితం తీసుకుని మళ్లీ చుట్టింది.

"తీసుకెళ్లండి, పర్వాలేదు. పీడీఎఫ్ మా దగ్గరుందిలెండి. అది ఎక్కడికీ పోదు."

బయటికి వస్తూ ఆమె అక్కడి బాత్రూమ్ వాడుకోవడానికి వెళ్లింది. మెరిసే టైల్స్, సువాసన డబ్బా. గుంటలో మాత్రం పొద్దుటి నుంచి ఎవరూ నీళ్లు పోయలేదు. ఆమె చెయ్యి దానంతట అదే మూలనున్న బ్రష్షు మీదికి పోయింది. వెనక్కి తీసుకుంది. తన మటుకు నీళ్లు పోసి, మెట్లు దిగింది.

సూర్యాపేట చేరేసరికి ఐదు దాటింది. సంపత్ బ్యాగు సర్దుకుంటున్నాడు. ఆమె స్టోరు గది తాళాలు ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన వాటినే చూశాడు గాని ముఖం ఎత్తలేదు.

"నెల కిందనే ఎరుకంట గద సార్."

"చెప్తే పని ఆపేస్తవని..." అన్నాడు సంపత్. బ్యాగు జిప్పు లాగుతూ, "రేపటి సంది ఎవలో పిల్ల వస్తదంట. డిగ్రీ సదివిందంట," అన్నాడు.

"మంచిదే."

ఆమె టిఫిను గిన్నె, గోడకు కొట్టిన మేకు మీది పాత చీర తీసుకుంది. ఆసిడ్ సీసాలో ఎంత మిగిలిందో చూసి మూత బిగించింది. చీపురు తలకిందులుగా, నీళ్లు కారేట్టు నిలబెట్టింది.

"ఆ అట్ట గూడ నీదే గద. తీస్కపో," అన్నాడు సంపత్ వెనక నుంచి.

"ఉండనియ్యిండ్రి సార్. నాకెందుకది? మీకోసమే రాసిన."

ఆమె మెట్లు దిగింది. ఎడమ చేతిలో గిన్నె, కుడి చేతిలో చుట్టిన కాగితం. ఆ భుజం రెండోదానికంటే కిందికే ఉంది. గేటు దగ్గర ఆటోల మధ్య కనిపించింది, తరువాత కనిపించలేదు.

సంపత్ బ్యాగు భుజాన వేసుకుని, ఇంటికి పోయే ముందు మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాడు. నీళ్ల చప్పుడు కాలేదు. ఆయన వదిలిన తలుపు ఊగి, ఊగి ఆగింది. దాంతో పాటు అట్టముక్కా ఆగింది. తడికి మూలలు ఉబ్బి, సుతిలి నల్లబడ్డా, నీళ్లు పొయ్యండి అన్న రెండు మాటల్లో రెండు ఒత్తులూ ఆమె కూర్చోబెట్టిన చోటే, అక్షరాల కిందనే ఉన్నాయి.