ఫోన్‌లో పిలిచినామె

కామాఠిపురాలో ఇరుకు గదుల చాల్‌లో ఉండే గంగారాంకు మతిమరుపు జబ్బు ముదిరింది. మరాఠీ, హిందీ పోయి చిన్ననాటి పాలమూరు తెలుగే మిగిలింది. యాప్‌లు తయారుచేసే కూతురు పూనం, అమ్మకు సాయంగా ఉంటుందని ఒక యాప్ చేసింది. అన్నం వేళకు అది తల్లి రత్నాబాయి గొంతుతోనే ఆయనను పిలుస్తుంది.

ఆ పిలుపు వినగానే గంగారాం వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. పూనం సంబరపడింది. రత్నాబాయి ముద్ద కలిపి అందిస్తే మాత్రం చేయి తోసేశాడు.

"నువ్వెవరు? నా పెండ్లాం పిలిచింది. ఆమెనే రమ్మను."

"నేనేనయ్యా!"

ఆయన ఫోన్ వైపే చూస్తున్నాడు.

"ఆ గొంతు తీసేస్తనే అమ్మా," అంది పూనం ఏడుపు ఆపుకుంటూ.

"వద్దు బిడ్డా. ఆమె మాటన్న వింటుండు గదా."

రత్నాబాయి ఫోన్‌ను కంచం పక్కన పెట్టి, వెళ్ళి గడప బయట కూర్చుంది. గంగారాం తినసాగాడు.