ఆపు అనకూడని చోట

నేను ఒక ఎర్ర బొత్తాన్ని. తల పుట్టగొడుగులా గుండ్రంగా ఉంటుంది. దాని కింద తెల్లరంగుతో "ఆపు" అని రాసి ఉండేది. నా నెత్తిన ఒక్కటి చరిస్తే ఎంతటి యంత్రమైనా నోరు మూసుకోవాల్సిందే. నా పుట్టుకే అందుకు. గుంటూరు దగ్గర ఒక కారం ఫ్యాక్టరీలో, మిరపకాయలు మోసుకెళ్లే బెల్టు మొదట్లో నన్ను బిగించారు.

యజమాని ప్రద్యుమ్న గారంటే జిల్లా అంతా పూనకాలే. పత్రికలవాళ్లు "ఆగని మనిషి" అని బిరుదిచ్చారు. కాలేజీ పిల్లలు బస్సులేసుకొచ్చి, ఆయన మాటలు నోరు తెరుచుకుని విని, సెల్ఫీలు దిగి వెళ్లేవారు. ఒక్క రోలుతో మొదలెట్టానని ఆయన చెప్పేవారు. ఆ రోట్లో దంచిందెవరో పిల్లలూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

బిరుదు వచ్చాక ఆయన చూపు నా మీద పడింది.

"ఏందిది? నా ఫ్యాక్టరీలో ఆపు అని రాసిపెడతారా? ఆ మాటే అపశకునం. ఇంట్లో బియ్యం లేకపోతే లేవంటామా? నిండుకున్నాయంటాం. ఇక్కడా అంతే. ఆపాల్సొస్తే 'నిండుకుంది' అనండి."

అందరూ చప్పట్లు కొట్టారు. నా అక్షరాల మీద ఆయన నవ్వుముఖం స్టిక్కరు అంటించారు. ఆనాటి నుంచి ఎవరు గట్టిగా పిలిచినా ఉలిక్కిపడేదాన్ని. ఈ సంగతి తెలియని మనిషి నా పక్కన నిలబడితే ఏమవుతుంది?

ఒకరోజు అలాంటివాడే వచ్చి నిలబడ్డాడు. పేరు ఏసోబు, ఆ పొద్దునే పనిలో చేరాడు. బుట్టలతో మిరపకాయలు బెల్టు మీద పోయడం అతని పని. ఫ్యాక్టరీ మాట అతనికింకా ఎవరూ చెప్పలేదు. అవతలి చివర తొడిమలు ఏరుతున్న నాంచారమ్మ చేతితొడుగు బెల్టుకూ రోలరుకూ మధ్య ఇరుక్కుంది.

"నిండుకుంది! ఏసోబూ, నిండుకుందిరా!"

ప్రాణం మీదికొచ్చినా అలవాటైన మాటే వచ్చింది ఆమె నోట. ఏసోబు మిరపకాయలు అయిపోయాయనుకున్నాడు పాపం.

"ఇదుగో, పోస్తన్నానమ్మా!" అంటూ ఇంకో బుట్ట కుమ్మరించాడు.

బెల్టు ఆమె చేతిని లోపలికి లాక్కుపోతోంది. వేళ్లు కనిపించడం లేదు. నేను అతని మోచేతి పక్కనే ఉన్నాను. అయినా నన్నెవరూ తాకలేదు. అంత భయం నేనెన్నడూ ఎరగను.

"ఆపరా నాయనా! ఆపు! నా చెయ్యి పోతంది!"

అప్పుడు చరిచాడు నా నెత్తిన. యంత్రం ఆగింది. నాంచారమ్మకు చెయ్యి దక్కింది, మూడు వేళ్లు దక్కలేదు.

ఏసోబును మర్నాడే పంపేశారు. నన్ను ఊడబీకి ఆఫీసు గుమ్మం దగ్గర అద్దాలపెట్టెలో పెట్టారు. కింద ఇత్తడి పలక మీద "మా ప్రయాణంలో ఒక్కసారీ నొక్కని బొత్తాం" అని చెక్కించారు. గోడ అవతల బెల్టు తిరుగుతూనే ఉంది. నా చోట ఇంకొకదాన్ని బిగించారో లేదో తెలియదు.

అద్దం తుడిచే పని నాంచారమ్మకిచ్చారు. మొన్న ఆమె ఎడంచేత్తో తుడుస్తుంటే, చూడవచ్చిన కాలేజీ పిల్ల ఒకతి పలక చదివి ముచ్చటపడింది.

"నిజంగా ఒక్కసారి కూడా నొక్కలేదా ఆంటీ?"

నాంచారమ్మ కుడిచేతిని కొంగులోకి లాక్కుంది. యజమాని గది తలుపు వైపు ఒకసారి చూసింది.

"లేదమ్మా" అంది.