వెనక బస్సు ఖాళీగా వస్తోందండీ

"కొండలమ్మా, గంప మెట్ల దగ్గరొద్దు తల్లీ, జనం ఎక్కాలి" అంటూనే కండక్టరు కృపానందం చేపల గంపకి చెయ్యేసి తనే లోపలికి లాగాడు. పోలుకోడు కాలవగట్టు మీద ఉదయం ఏడయింది. రోజూ ఈపాటికి బస్సులో పదిహేను మందుంటే గొప్ప. బడిపిల్లలు, కొండలమ్మ, ఆస్పత్రికి పోయేవాళ్ళు ఒకరిద్దరు. ఈవేళ ఊరు ఊరంతా ఉతికిన బట్టలు కట్టుకుని గట్టు మీద బారులు తీరింది.

నోరు జారింది అతనే. లాభం వచ్చే రూటు కాదది, పుట్టిన నాటినుంచీ కాదు. నష్టాన్ని ప్రభుత్వం పూడుస్తోంది గనక ఉయ్యూరు నుంచి పోలుకోడుకి బస్సు తిరుగుతోంది. ఆ సాయం ఇంకా ఇవ్వాలో వద్దో తేల్చడానికి బుధవారం ఒక ఆఫీసరు ఎక్కడో దారిలో ఎక్కి తలలు లెక్కపెడతాడనీ, ముప్ఫైకి తగ్గితే బస్సు రద్దనీ పోయిన వారం కొండలమ్మతో అన్నాడు. కొండలమ్మకి చెప్పడమంటే ఊళ్ళో దండోరా వేయించడమే. చేపలమ్మిన ప్రతి గుమ్మంలోనూ ఆ కబురు ఊరికే ఇచ్చి వచ్చింది.

ఆమెకి కూడా చెప్పని సంగతి ఇంకొకటుంది. ఇవాళ జులై ముప్ఫై ఒకటి, రెండువేల రెండు. కృపానందానికి యాభై ఎనిమిది నిండాయి, ఇదే ఆఖరి డ్యూటీ. బక్కపలచటి పొడుగు మనిషి. సంచి పట్టీ మోసీ మోసీ ఎడమ భుజం కిందికి దిగిపోయింది. టిక్కెట్లు చింపీ చింపీ బొటనవేలి చివర నున్నగా అరిగిపోయింది. తొంభైలో వచ్చిన తుఫాను తర్వాత గట్టు మీద రోడ్డు పడితే, ఆ మరుసటేడు మొట్టమొదటి బస్సులో వచ్చిన కండక్టరు అతనే. అంతకుముందు జబ్బు చేసినవాళ్ళని మంచంతో సహా నాలుగు మైళ్ళు మోసుకుపోయేవారు. బస్సొచ్చాక ఊళ్ళో అమలమ్మకి నొప్పులొస్తే దారిలోనే, వెనక సీట్లోనే ఏంజెల్ పుట్టింది. ఆ పిల్లకిప్పుడు ఎనిమిదేళ్ళు. అది తన సీటేనని రోజూ తగువేసుకుంటుంది. తను డ్యూటీ దిగిపోయిన రోజే బస్సూ ఆగిపోతే, ఈ ఊరి తలుపు తన చేత్తో మూసినట్టే ఉంటుందని అతని దిగులు.

"పోనీ రత్తయ్యా, రైట్!" అన్నాడు. డ్రైవరు రత్తయ్య గేరు మార్చడానికి కూడా చోటులేక పక్కనున్న ముసలాయన మోకాలు జరిపించుకోవలసి వచ్చింది. పెళ్ళికి పోతున్నట్టు నవ్వులు, కేకలు. కృపానందం ఛాతీ పొంగిపోయింది. ఏ మూలన ఆఫీసరున్నా రావాలి, చూసుకోవాలి!

లాకుల వంతెన దగ్గర నల్ల బ్యాగు పట్టుకుని ఒక కుర్రాయన చెయ్యెత్తాడు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే జాగా లేదు. రత్తయ్య ఆపలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నాలుకకి అలవాటైపోయిన మాట కృపానందం నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"వెనక బస్సు ఖాళీగా వస్తోందండీ!"

వెనక బస్సట! ఈ గట్టు మీద ఉన్నదే ఒక్క బస్సు. ఫర్లాంగు దాటాక అతనికి తట్టింది. ఆ బ్యాగు, టక్కు, చేతిలో అట్టా, కాగితాలూ!

"రత్తయ్యా, కొంప ముంచాం! ఆయనే ఆఫీసరు!"

రత్తయ్య అద్దంలోకి చూశాడు. ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

ఆ పూటంతా కృపానందానికి టీ కూడా దిగలేదు. సాయంత్రం నాలుగింటికి ఉయ్యూరు బస్టాండులో తిరుగు ట్రిప్పుకి వచ్చేసరికి ఆ కుర్రాయన ముందు సీట్లో కూర్చునున్నాడు. పేరు హేమసుందర్ అట. ఎవరి సైకిలో ఎక్కి వచ్చాడు.

"కండక్టరు గారూ, మీ వెనక బస్సు ఇంకా రాలేదండీ" అన్నాడు.

కృపానందం తల దించుకున్నాడు. ఇంతలో బస్టాండు నలుమూలల నుంచీ జనం పరిగెత్తుకొచ్చారు. పొద్దున వచ్చినవాళ్ళు ఇంటికి పోవద్దూ! తోసుకుని, కేకలేసి, కిటికీల్లోంచి పిల్లల్ని అందించి ఎక్కారు. హేమసుందర్ లేచి ఒక ముసలమ్మకి సీటిచ్చాడు. కొండలమ్మ గంపలోని నీళ్ళు ఆయన బూట్ల మీద బొట్టుబొట్టుగా కారుతుండగా లెక్కపెట్టాడు. డెబ్బై నాలుగు.

"ఏమ్మా, ఉయ్యూర్లో ఏం పనిమీదొచ్చారు?" అని అడిగాడు.

"నాకంటే చేపలున్నాయి బాబూ. వీళ్ళకి పనేముందండీ, బస్సుకి తోడొచ్చారు" అంది కొండలమ్మ.

బస్సంతా చప్పున చల్లారిపోయింది. కృపానందం జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"అయ్యా, అబద్ధమాడను. రోజూ ఇంతమంది రారండి. పదిహేను మందే. ఆ పదిహేను మందికీ ఇది తప్ప ఇంకోటి లేదండి."

హేమసుందర్ జేబురుమాలుతో బూట్లు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు.

"తలలు లెక్కపెట్టమన్నారండీ నన్ను. పనులు లెక్కపెట్టమన్లేదు. బస్సు ఇంకో మూడేళ్ళు తిరగాలని రాస్తున్నాను."

బస్సులో లేచిన అరుపులకి కాలవలో బాతులు చెల్లాచెదురయ్యాయి. ఏంజెల్ ఈల వేసింది. కృపానందం ఎవరికీ కనబడకుండా కళ్ళొత్తుకున్నాడు. హేమసుందర్ వంతెన దగ్గర దిగిపోయాడు.

పోలుకోడులో అందరూ దిగాక ఖాళీ బస్సు వెనక్కి తిరిగింది. ఎండ ఇంకా నారుమళ్ళ మీద ఉంది. ముందు కిటికీ సీట్లో గళ్ళ తువ్వాలొకటి పరిచి ఉంది.

"ఎవరో మర్చిపోయారు, ఆపు" అన్నాడు కృపానందం.

"మర్చిపోలా అన్నా. కొండలమ్మ నీకు సీటు ఆపింది. ఇవాళే ఆఖరని నేనే చెప్పా, తిట్టుకో. పదకొండేళ్ళు నిలబడే తిరిగావంట, కూచోమంది."

కృపానందం కూర్చున్నాడు. ఈ సీట్లోంచి చూస్తే కాలవ ఇంత దగ్గరగా పారుతుందని అతనికి ఇన్నేళ్ళూ తెలియదు. ఉయ్యూరు వచ్చేదాకా చిన్నపిల్లాడిలా కిటికీ చువ్వ పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు రత్తయ్య తువ్వాలు అందివ్వబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"ఉండనీవయ్యా. తీస్తే సీటు పోతుంది."

అతను వెళ్ళిపోయాడు. రత్తయ్య బస్సు తాళం వేసేవేళకి చేపల వాసనేసే ఆ గళ్ళ తువ్వాలు ముందు సీటు మీద అలాగే పరిచి ఉంది.