ఇదొక్కటి కడిగేసి

బేరింగు గోళీ ఒకటి పోయింది. వెనక చక్రం నడిమి హబ్బులో ఒక్కో పక్క తొమ్మిదేసి ఉంటాయి. కుడి పక్కవి తొమ్మిదీ రేకుడబ్బాలో ఉన్నాయి. ఎడమ పక్కవి ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఎనిమిదే.

అతను మోకాళ్ళ మీద వంగి బల్ల కింద నేలంతా తడిమాడు. దుకాణంలో అందరూ అతన్ని మడ్డి అంటారు. పాత సైకిళ్ళ భాగాలకు పట్టిన మడ్డి కడగడం ముప్పై ఒక్క ఏళ్ళుగా అతని పని. ఆ పేరు పెట్టింది బావ, అక్క మొగుడు. చువ్వలు ఎక్కించి చక్రాలు కట్టేది ఆయన. బల్లకు ఈ చివర కిరసనాయిలు తొట్టి, ఆ చివర చువ్వల కట్టలు. ఆరు రోజులుగా ఆ చివర పీట ఖాళీగా ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి బావ ఆసుపత్రిలో ఉన్నాడు.

ఇప్పుడు కడుగుతున్నది బావ సొంత సైకిలే. పదకొండేళ్ళుగా పెరటి గోడకు ఆనించి ఉన్నదాన్ని ఆయనే దుకాణానికి తోసుకొచ్చాడు. ఒక్కొక్కటే విప్పాడు. వెనక చక్రం చువ్వలన్నీ ఊడదీసిన సాయంత్రమే మంచం పట్టాడు.

“నేనొచ్చేసరికి అన్నీ మెరిసిపోవాలిరా,” అన్నాడు ఆటో ఎక్కుతూ. “చక్రం జోలికి మాత్రం పోకు. నువ్వు కట్టావంటే కోడిగుడ్డులా తయారవుతుంది.”

నిన్న సాయంత్రం చూడడానికి వెళ్ళి చెయ్యి పట్టుకోబోతే నర్సు ఆపేసింది. “ఆ చేతులేంటండీ బాబూ! ఒంటి నిండా గొట్టాలున్నాయి ఆయనకి. శుభ్రంగా కడుక్కుని వస్తేనే లోపలికి.” మంచానికి రెండడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో తప్పు చేసినవాడిలా కాసేపు నిలబడి వచ్చేశాడు. బావ ముక్కు మీదా నోటి మీదా ముసుగు ఉంది. మాట్లాడని బావను అతను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

“బాబాయ్, ఒక్క గోళీ కోసం నేలంతా నాకేస్తావా ఏంటి? కొత్తది వేసెయ్,” అంది ఓనరమ్మ. తండ్రి తరవాత దుకాణం నడుపుతున్నది ఆమె.

“కుదరదమ్మా. అరిగినవాటి మధ్య ఒక్క కొత్తది వేస్తే బరువంతా దాని నెత్తినే పడుతుంది.”

“అయితే తొమ్మిదీ కొత్తవే వెయ్యి. అసలు నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావు? ఆసుపత్రికి వెళ్ళమని పొద్దున్నే చెప్పానా లేదా?”

“ఇదొక్కటి చూసుకుని వెళ్తాను.”

గోళీ పన్నెండు గంటలకు దొరికింది. హబ్బులోంచి గీకి కాగితం మీద పడేసిన పాత గ్రీజు ముద్దలోనే ఉంది. గోటితో తీసి, కడిగి, డబ్బాలో వేశాడు. తొమ్మిదయ్యాయి. ఇక వెళ్ళకుండా ఉండడానికి కారణం లేదు.

లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. మళ్ళీ వచ్చి గొలుసు అందుకున్నాడు. ఒక్కో లంకెనూ బ్రష్షుతో తోమాడు. నల్లటి మడ్డి దిగుతుంటే మధ్యలో రెండుసార్లు లేచి గోడ గడియారం చూశాడు. చూసిన టైము బల్ల దగ్గరకు వచ్చేసరికే మరిచిపోయాడు. గొలుసు ఆరవేశాక వెనక పళ్ళచక్రం, ఫ్రీవీలు, పట్టుకున్నాడు. దాన్లో కిరసనాయిలు పోసి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. మొదట బురదలో తిరిగినట్టు మూగగా ఉంది. నాలుగోసారికి టకటకలు విడివిడిగా వినిపించాయి. అయినా అయిదోసారి పోశాడు.

రెండింటికి ఫోను మోగింది. అతని చేతులు చూసి ఓనరమ్మే ఫోను అతని చెవికి ఆనించింది.

“ఒరేయ్, రారా. నిన్నడుగుతున్నాడు,” అంది అక్క.

“ఎలా ఉన్నాడక్కా?”

“నువ్వు రా ముందు.”

“చేతులు కడుక్కుని వచ్చేస్తున్నా.”

“కడుక్కోకపోయినా ఏం కాదులేరా.”

“లోపలికి రానివ్వరక్కా.”

ముందు శుభ్రమైన కిరసనాయిలుతో కడిగాడు. తరవాత రంపపు పొట్టుతో రుద్దాడు. తరవాత బట్టల సబ్బు. అరచేతుల్లో తెలుపు బయటపడింది కానీ, గీతల్లో నలుపు అలాగే ఉంది. పాత పళ్ళ బ్రష్షు తీసుకుని ఒక్కో వేలూ తోమాడు. వేడినీళ్ళు పెట్టించుకున్నాడు.

“చాల్లే బాబాయ్, వెళ్ళు! పెళ్ళిచూపులకా వెళ్తున్నావు?”

“గోళ్ళలో ఉందమ్మా ఇంకా.”

బయట తన సైకిలు ఉన్నా ఎక్కలేదు. హ్యాండిలు పట్టుకుంటే మళ్ళీ మురికి అంటుతుంది. ఒంటికి తగలకుండా చేతులు రెండూ ఎడంగా పెట్టుకుని, పావుగంట దూరం పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

వార్డు గుమ్మంలో నిన్నటి నర్సే ఉంది. అతను అరచేతులు చాపాడు. తిప్పి వెనక వైపు కూడా చూపించాడు. ఆమె చేతుల వంక చూడలేదు. “వెళ్ళండి,” అని పక్కకు తప్పుకుంది.

గొట్టాలు తీసేసి ఉన్నాయి. ముసుగు కూడా లేదు. అక్క మంచం పక్కన ముక్కాలిపీట మీద కూచుని ఉంది. అతను బావ చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

“చేతులు కడుక్కుంటున్నాడని చెప్పానురా,” అంది అక్క. “నవ్వాడు. వాడు గోళ్ళ సందులు కూడా వదిలే రకం కాదు, తీరిగ్గానే రానీ అన్నాడు.”

అయిదు రోజుల తరవాత అతను పనిలోకి వచ్చాడు. వచ్చిన భాగాలన్నీ కడిగాడు. చక్రాలు కట్టడానికి సోమవారం నుంచి కొత్తాయన వస్తాడని ఓనరమ్మ చెప్పింది.

“మంచిదమ్మా,” అన్నాడు. తొట్టిలోంచి చేతులు తీసి, “బావ చక్రం మాత్రం ఆయనకివ్వకు,” అన్నాడు.

ఆమె సరేనంది.

అతను హబ్బు తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, తొమ్మిదేసి గోళీలూ రెండు వైపులా అమర్చి, ఇరుసు బిగించాడు. వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. దాన్ని తీసుకెళ్ళి ఖాళీ పీట ముందు బల్ల మీద పెట్టాడు. దాని అంచుల చుట్టూ నలభై రంధ్రాలున్నాయి. ఒక్క చువ్వా ఎక్కించలేదు.