లిఫ్టు వచ్చిన ఇల్లు

హోటల్ లాండ్రీలో దుప్పటి మీద ఇస్త్రీపెట్టె ఆపి ఆమె ఆలోచనలో పడింది. కమురు వాసన తగిలేసరికి గుడ్డ మీద గోధుమరంగు మచ్చ తేలింది. ఇన్నేళ్లలో ఆ చేతికింద ఒక్క గుడ్డా మాడలేదు.

"ఒంట్లో బాగాలేదా?" అంది పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ.

"మా బిల్డింగుకి లిఫ్టు పెట్టారు."

"మంచిదేగా?"

ఆమె మాడిన దుప్పటిని మడిచి పక్కన పెట్టింది. ఇష్టమొచ్చినట్టు అద్దె పెంచకూడదని చట్టం ఉన్న ఇల్లు కాబట్టే, ఆ నాలుగో అంతస్తులో అక్కాచెల్లెళ్లిద్దరూ ఇన్నాళ్లు నెట్టుకొచ్చారు. కానీ లిఫ్టు లాంటివి పెట్టిస్తే ఆ ఖర్చును యజమాని అద్దెలో కలుపుకోవచ్చట. మోకాళ్లు పట్టేసిన అక్క కిందికి దిగి ఏళ్లయింది. లిఫ్టును తిట్టుకోవడానికి ఆమెకు నోరు రావడం లేదు.

మధ్యాహ్నం బిల్డింగు మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"మేం అడగలేదు కదండీ," అంది.

"మీ అక్కగారు అడిగారమ్మా. ఎప్పుడవుతుందని కిటికీలోంచి పనివాళ్లని రోజూ కేకేసేవారు," అని నవ్వి, ఆమె మొహం చూసి తగ్గాడు. "నా చేతిలో ఏముంది? వచ్చే నెల నుంచి అద్దె పెంపు అందరికీ ఒకటే."

సాయంత్రం మెట్లమీదుగానే ఎక్కింది. లిఫ్టు ఎక్కితే ఆ పెంపుకి ఒప్పుకున్నట్టే అవుతుందని ఆమె భయం.

తలుపు తీసే ఉంది. తమ్ముడు సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్క తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని కూర్చుంది.

"ఎక్కడికే?"

"వీడింటికి. అక్కడ మెట్ల గొడవే లేదు."

"నిన్నెవరు పొమ్మన్నారు?"

"ఎవరూ అన్లేదు. నిద్రలో కూడా అద్దె, అద్దె అని గొణుగుతున్నావు. మీ లాండ్రీ ఆవిడ ఇల్లు వెతుక్కుంటోందన్నావుగా. నా మంచం ఆవిడకివ్వు, చెరిసగం కట్టుకోండి."

వద్దనాలనుకుంది. కానీ గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. అది అక్క కంటపడుతుందేమోనని తల దించుకుని, సంచి తాను అందుకుంది.

లిఫ్టు కదలగానే అక్క గోడకు అరచెయ్యి ఆనించింది. కిందికి చేరాక, "కుదుపు కూడా లేదే," అంది మెచ్చుకోలుగా.

తమ్ముడి కారు మలుపు తిరిగేదాకా నిలబడి, ఆమె పైకి వచ్చింది. కిటికీ గట్టు మీద అక్క మోచేతుల కింద వేసుకునే చిన్న దిండు ఉంది, రెండు గుంటలతో.