తెర మీద మెడ

ముఖం కనబడితే ఉద్యోగం పోతుంది. అంతే సంగతి. వెన్ను ఆనే కుర్చీలు కావాలని కిందటేడు పోస్టరు వేస్తే, అందులో నవ్వుతూ నిలబడ్డ మనిషి వారం తిరక్కుండా గేటు బయట ఉంది. అందుకే ఈసారి బట్టల ఫ్యాక్టరీ ఆడవాళ్లు నీడ ఫొటో అనుకున్నారు. నిలబడటానికి కాజాలు కుట్టే ఆమె ఒప్పుకుంది. తీసేది ఆమె అక్క మొగుడు.

స్టూడియో అంటే ఒక్క గది. బావ కిటికీలకు నల్లగుడ్డ కట్టాడు. తెల్ల దుప్పటి అడ్డంగా లాగి, దాని వెనక ఒకే లైటు పెట్టాడు. ముందువైపు దీపాలన్నీ ఆర్పేశాడు. కెమెరాకి వెలుతురు కొలత తెర మీదే తీశాడు. మనిషి మీద తీస్తే ముఖం బయటపడుతుందట. పనిలో కట్టుకునే తలగుడ్డ, దుమ్ముకి కట్టుకునే మూతిగుడ్డ ఉంచుకునే పక్కకి తిరగమన్నాడు. మోచేతికీ నడుముకీ మధ్య వెలుగు దూరాలి, లేకపోతే మనిషి కాదు బస్తా అన్నాడు.

"బస్తా ఎవరో మా అక్క వంట తినేవాళ్లని చూస్తే తెలుస్తుంది బావా."

లైటు వెలిగింది. గది ఎటో పోయింది. చెవుల్లో పన్నెండేళ్లుగా ఉన్న మిషన్ల రొద జారిపోయింది. పాలలో నిలబడ్డట్టు ఉంది. వేళ్ల అంచులు వెలుగులో కరుగుతున్నాయి. తను ఎక్కడ ఆగిందో తెలియలేదు. నేల ఉందా అని కాలితో తడిమి చూసుకుంది.

ఫొటో వచ్చింది. నల్లటి ఆకారం, అంతే. టీ తెచ్చిన అక్క ఒక్క చూపు చూసి, "ఇది మా చెల్లి మెడ కాదూ?" అంది.

ముందుకి పొడుచుకొచ్చిన మెడ, కింద చిన్న గూను. సూపర్‌వైజరు రోజంతా చూసేది దాన్నే. ఆమె మళ్లీ తెర ముందుకి నడిచింది. బావ మెడ నిటారుగా పెట్టించి ఇంకోటి తీశాడు. ఫొటోలో ఎవరో దొరసాని వచ్చింది. కుర్చీ అడిగే మనిషి కాదు.

"ఇది చింపెయ్ బావా. నా ఒక్కదాని మెడే ఇలా ఉందేమో రేపు చూద్దాం. మా వరుసంతా వస్తాం."

పదకొండు మందిని తీసుకొచ్చింది. బావ నేల మీద గీసిన ఒకే సుద్దగీత మీద ఒక్కొక్కరినీ నిలబెట్టి తీశాడు. ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెట్టి లైటుకి ఎత్తి పట్టుకున్నాడు. పొడుగూ పొట్టీ వేరు. మెడ ఒక్కటే. అతను చాలాసేపు చెయ్యి దించలేదు.

ఆమె మొదటి ఫొటోనే పోస్టరు చేసి గేటు పక్క గోడకి అంటించారు. సూపర్‌వైజరు దాన్ని ఊడబెరికి తెచ్చి, ఆమె వరుసవాళ్లని ఒక్కొక్కరినీ కిటికీ ముందు పక్కకి తిరిగి నిలబడమన్నాడు. నిలబడ్డారు, మోచేతులు కాస్త ఎడంగా పెట్టి, వెలుగు దూరేలా. బయటి ఎండకి అడ్డంగా ఒకే నీడ వచ్చి పోతోంది, మళ్లీ వస్తోంది. కాజాల ఆమె అయిదోది. ఆమెని చూశాడు, కాగితం చూశాడు, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఏడో ఆమెతో ఆపేసి, పోస్టరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కాజాల ఆమె వెళ్లి తన మిషను ముందు కూర్చుంది. స్టూలుకి వెనక ఆనుకోడానికి ఇంకా ఏమీ లేదు.